పీతలంకలో లేని ఇరవై ముగ్గురు

నమోదు 1. శ్రావణం, రెండో బుధవారం

పత్రిక నియమావళి తొమ్మిదో పేజీ ప్రకారం ‘లంకల వైద్య పత్రిక’ సంపాదకులు విధిగా దినచర్య రాయాలి. దాన్ని ఎవరైనా చదవాలని మాత్రం ఏ పేజీలోనూ లేదు. కాబట్టి నిశ్చింతగా నిజాలు రాసుకోవచ్చు.

నా పేరు ఇందుకూరి సుభాషిణి. వయసు యాభై తొమ్మిది. మెరకపురంలో, అంటే సముద్రం ఇంకా ఆశపడని ఊళ్లో, పెద్దమేడ మూడో అంతస్తులో నా ఆఫీసు గది. పదహారేళ్ల కిందటి దాకా నేను డాక్టర్ని. రోగుల నాడి పట్టుకునేదాన్ని, నాలుక చూసేదాన్ని, వాళ్ల అత్తగార్ల మీద ఫిర్యాదులు వినేదాన్ని. తర్వాత ఇంటింటికీ వైద్యపెట్టెలు వచ్చాయి. గోడకు తగిలించిన పెట్టె ముందు నిలబడి నాలుక చాపితే చాలు, అది జబ్బు పేరు చెప్పి కింది గొట్టంలోంచి మందు రాలుస్తుంది. అత్తగారి సంగతి అడగదు. డాక్టర్లందరికీ శాలువాలు కప్పి ఇళ్లకు పంపారు. నాకు శాలువాతో పాటు ఈ పత్రిక కూడా అంటగట్టారు.

పెట్టెకు సొంత బుర్ర లేదు. ప్రతి గురువారం ఉదయం ఏడింటికి మా పత్రిక వెలువడుతుంది. ఏడూ ఐదుకల్లా నూట పన్నెండు లంకల్లోని పెట్టెలన్నీ దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివేసి, అందులో ఎలా ఉంటే అలా వైద్యం చేస్తాయి. ఇంత శ్రద్ధగల పాఠకులు ఏ పత్రికకూ ఉండరు. సందేహపడరు, విసుక్కోరు, చందా మానేస్తామని బెదిరించరు.

వ్యాసాలు కూడా యంత్రమే రాస్తుంది. పరిశోధకుడు అంకెలు పడేస్తే రచనాయంత్రం వ్యాసం అల్లుతుంది. దాన్ని ముగ్గురు సమీక్షకులు పరీక్షిస్తారు. ఆ ముగ్గురూ యంత్రాలే. రాసేదీ, తప్పులు పట్టేదీ, మెచ్చుకునేదీ ఒకే గదిలో పక్కపక్కన ఉంటాయి. ఇప్పటిదాకా వాటి మధ్య మాటామాటా వచ్చిన దాఖలా లేదు. చివర్లో ఒక మనిషి బొటనవేలు పడాలని చట్టం. ఏదైనా తేడా వస్తే నిలదీయడానికి మనిషంటూ ఒకరు ఉండాలి కదా. ఆ వేలు నాది.

ఈరోజు ముప్ఫై ఒక్క వ్యాసాలకు వేలు అద్దాను. పదిహేడోది నా పాత శిష్యుడు, ఇప్పుడు పరిశోధకుడు, డాక్టర్ నల్లమిల్లి కౌశిక్‌ది. ఉప్పునీటి దోమ కుడితే వచ్చే ఉప్పుజ్వరానికి ఇన్నేళ్లుగా ఏడు రోజులు నీలిబిళ్లలు ఇస్తున్నాం. మూడు రోజులు చాలట. ఆరు లంకల్లో నాలుగు వందల పన్నెండు మంది మీద పరీక్షించాడట. నూటికి తొంభై ఎనిమిది మందికి నయమైందట. సమీక్షకులు ముగ్గురూ ‘అద్భుతం’ అన్నారు.

సంపాదకుల దగ్గర చదువుకున్నవాళ్ల వ్యాసమైతే దాన్ని వేరే సంపాదకులకు అప్పగించాలని నియమావళిలో ఉంది. వేరే సంపాదకులు లేరు. కాబట్టి నాకు నేనే అప్పగించుకుని, నిష్పక్షపాతంగా ఉన్నందుకు నాకు నేనే ధన్యవాదాలు చెప్పుకుని, వేలు అద్దాను.

నమోదు 2. భాద్రపదం, మొదటి సోమవారం

సూరపరాజుగారు ఒక కవరు పట్టుకొచ్చారు. కాగితం కవరు, చేత్తో రాసిన చిరునామా. ఈయన మా పత్రికలో ప్రూఫులు దిద్దుతారు. నేను కాక ఈ అంతస్తులో ఊపిరి పీల్చే ఉద్యోగి ఆయనొక్కరే. డెబ్బై దాటాయి.

“పీతలంక నుంచండి. పడవలో వచ్చింది. వాసన చూస్తే తెలుస్తంది లెండి, దారంతా ఎండు పీతల మీద కూర్చునొచ్చింది.”

రాసింది కుడిపూడి చంద్రమతి అనే నర్సు. నర్సులకు కూడా శాలువాలు కప్పారు గానీ పీతలంక దాకా శాలువా చేరినట్టు లేదు, ఆవిడ ఇంకా పని చేస్తూనే ఉంది. ఉత్తరం ఇక్కడ ఎక్కిస్తున్నాను.

“సంపాదకులుగారికి నమస్కారాలు. మీ పత్రికలోని ఉప్పుజ్వరం వ్యాసం మా పెట్టె చేత చదివించుకుని విన్నాను. అందులో పీతలంక నుంచి అరవై నలుగురు రోగులు పాల్గొన్నారని ఉంది. మా లంకలో పసిపిల్లలతో సహా ఉన్నది నలభై ఒక్కరం. మేకల్ని కలుపుకున్నా అరవై నాలుగు కాలేదు. ఆ మిగతా ఇరవై ముగ్గురూ ఎక్కడ ఉంటున్నారో దయచేసి తెలియజేయండి. వలలు లాగడానికి మనుషులు చాలక ఇబ్బంది పడుతున్నాం, పిలుచుకుంటాం.

రెండో సంగతి. ఆ వ్యాసం వచ్చిన దగ్గర్నుంచి పెట్టె మూడు రోజులకే బిళ్లలు ఆపేస్తోంది. ఏడుగురికి పదో రోజున జ్వరం తిరగబెట్టింది. మళ్లీ పెట్టె ముందు నిలబెడితే ‘మీకు నయమైంది, అభినందనలు’ అంటోంది. జ్వరం చూస్తే నూట నాలుగు. ఎవరి మాట నమ్మమంటారు?”

దీనికి జవాబు నేను ఇవ్వక్కర్లేదు. ఉత్తరాల యంత్రం అప్పటికే ఇచ్చేసింది. ‘మీ విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు. మీ ఆరోగ్యమే మా ఆనందం.’ ఆ కాగితం తిరుగు పడవ ఎక్కకముందే తెప్పించి చింపేశాను. తర్వాత కౌశిక్ వ్యాసం తీసి చదివాను. మొదటిసారి చదివాను అని రాయాలి. దినచర్యలో అబద్ధం రాయకూడదు. వేలు అద్దిన రోజున నేను ఆ వ్యాసాన్ని నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు తెరిచి ఉంచినట్టు యంత్రం లెక్క కట్టి పెట్టింది. అందులో సగం టీ చల్లారిందో లేదో చూసుకోవడానికే పోయి ఉంటుంది.

నాలుగో పేజీలో పట్టిక. పీతలంక, అరవై నాలుగు.

“రాజుగారూ, దీనికి ప్రూఫు దిద్దింది మీరే కదా? ఈ అంకె మీ కంట పడలేదా?”

“పడిందండి. పీతలంక మా ఆవిడ పుట్టిల్లండి. పెళ్లికి అటువైపు నుంచి మొత్తం లంకంతా వచ్చినా రెండు బంతుల్లో భోజనాలైపోయాయి.”

“మరి చెప్పలేదేం?”

“నా పని కామాలండి. అంకెలు యంత్రం చూసుకుంటుంది, మీరు ముట్టుకోవద్దని కాగితం ఇచ్చారు గదండీ.” ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ మర్యాదగా ముగించారు. “కింద సంతకం మీదేనండి.”

నమోదు 3. అదే వారం, గురువారం

వ్యాసాన్ని సమీక్షకులకు మళ్లీ పంపాను. నిమిషం తిరక్కుండా ముగ్గురూ మళ్లీ ‘అద్భుతం’ అన్నారు. నలభై ఒక్కమందిలో అరవై నలుగురు ఎలా పాల్గొంటారని ప్రత్యేకంగా అడిగాను. రెండో సమీక్షకుడు ఇలా సెలవిచ్చాడు: ‘పీతలంకలో ప్రజల భాగస్వామ్యం నూటికి నూట యాభై ఆరు. ఇతర లంకలకు ఆదర్శం.’

కౌశిక్‌కు ఉత్తరం రాశాను. రోగుల అసలు రికార్డులు, ఎవరికి ఏ రోజు ఎంత జ్వరముందో రాసుకున్న పుస్తకాలు పంపమన్నాను. అడిగే హక్కు నాకుంది, ఇచ్చే బాధ్యత అతనికుంది. రెండూ నియమావళిలో ముప్ఫై ఏళ్లుగా భద్రంగా ఉన్నాయి, ఎవరూ వాడలేదు కాబట్టి కొత్తగా మెరుస్తున్నాయి.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. రికార్డులు తెస్తున్న పడవ ఆషాఢం చివరి వారంలో మెరకపురం పాయలో మునిగిపోయిందట. ఆ వారం పాయలో పోటు లేదు, నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. అందులో పడవ ముంచాలంటే చాలా పట్టుదల కావాలి.

నా శిష్యుల్లో కౌశిక్ ఒక్కడే రోగి మంచం పక్కన కూర్చుని మాట్లాడేవాడు. మిగతావాళ్లు నిలబడి మాట్లాడేవాళ్లు. అందుకే నాకు ఈ ఉత్తరం చదవగానే కోపం రాలేదు. ఉత్తరాన్ని ఇంకోసారి చదివాను.

రేపు పీతలంకకు వెళ్తున్నాను. సంపాదకులు ఒక రోగిని చూడటానికి స్వయంగా వెళ్లడం పత్రిక చరిత్రలో ఇదే మొదటిసారని సెలవుల యంత్రం చెప్పింది. ‘కారణం’ అనే గడిలో నొక్కడానికి దానికి తగిన మాట దొరక్క ‘విహారయాత్ర’ అని నమోదు చేసింది.

నమోదు 4. శుక్రవారం

పడవలో మూడు గంటలు. పీతలంకలో ఇళ్లన్నీ స్తంభాల మీద ఉన్నాయి, స్తంభాల కింద పోటునీళ్లు వచ్చిపోతుంటాయి. ప్రతి ఇంటి ముందూ వెదురు బుట్టల్లో పీతలు గోకుతున్న చప్పుడు. చంద్రమతి రేవులోనే నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి, సన్నగా పొడవుగా ఉంది. నా చేతి సంచీ తీసుకుని ముందే అంది:

“ఒక్కరే వచ్చారేంటండీ? ఆ ఇరవై ముగ్గుర్నీ తెస్తారనుకున్నాను.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఏడుగురు రోగుల్నీ చూశాను. ఆఖరి ఇల్లు కొప్పాడి లోవరాజుది. అతని భార్య భూలోకమ్మ చాప మీద పడుకుని ఉంది. మీద మూడు దుప్పట్లు ఉన్నా వణుకుతోంది. చంద్రమతి ఆమెను నాకు చూపించడానికి లేపబోతే, ఆమే లేచి గోడ పట్టుకుని పెట్టె ముందుకు నడిచింది. నాలుక చాపింది. పెట్టెలోంచి తియ్యటి ఆడగొంతు పలికింది: ‘మీకు నయమైంది. అభినందనలు.’

“చూశారామ్మా,” అంది భూలోకమ్మ కూర్చుంటూ. “రోజూ నయమవుతానే ఉంది నాకు. ఇంత నయం నేను తట్టుకోలేకపోతన్నాను.”

పదహారేళ్ల తర్వాత ఒక మనిషి నాడి పట్టుకున్నాను. నా వేళ్లు మర్చిపోలేదు. నాడి మరీ వేగంగా, దారంలా కొట్టుకుంటోంది. కళ్లు పచ్చబడ్డాయి. ఇంకో నాలుగు రోజుల నీలిబిళ్లలు పడితే లేచి తిరగాల్సిన మనిషి. పెట్టె పగలగొడదామా అని అడిగాను. చంద్రమతి తల అడ్డంగా ఊపింది.

“వారం కిందటే పగలగొట్టానండి, మా ఇంట్లోది. లోపలేం లేవు. పత్రికలో ఎంతని రాస్తే అంతే వస్తాయండి పైనుంచి.”

చన్నీళ్ల గుడ్డ వేయడం, కొబ్బరినీళ్లు పట్టించడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆవిడ అప్పటికే అవన్నీ చేస్తోంది. నేను వెళ్లడానికి లేస్తుంటే భూలోకమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“మూడ్రోజులు చాలని ఎవరో రాశారంట గదమ్మా. ఎవరో రాస్తారు సరే. దాన్ని ఎవరొప్పుకున్నారమ్మా? చూసేవాళ్లు ఉండరా?”

“పత్రికవాళ్లు,” అన్నాను.

“వాళ్లకి చెప్పమ్మా నువ్వు.”

చెబుతానన్నాను. సంపాదకుల విధుల్లో మొదటిది పారదర్శకత.

నమోదు 5. సోమవారం

కౌశిక్‌ను పిలిపించాను. వచ్చాడు. నా ఎదుటి కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. పట్టిక అతని ముందు పెట్టి, అసలు ఎంతమంది అని మాత్రం అడిగాను. అతను కిటికీలోంచి పాయ వైపు చూశాడు.

“పంతొమ్మిది మంది మేడమ్. అందరూ ఇక్కడి పరిశోధన వార్డులోవాళ్లే. కుర్రాళ్లు.”

“ఎన్ని రోజులు చూశావు వాళ్లని?”

“ఐదు.”

“తిరగబెట్టేది పదో రోజున. నువ్వు ఐదో రోజున తలుపు వేసుకుని వెళ్లిపోయావు. మరి నాలుగు వందల పన్నెండు?”

“రచనాయంత్రంలో ‘విస్తరించు’ అని ఒక మీట ఉంది మేడమ్. నొక్కితే అదే అడిగింది, ఎన్ని లంకలు కావాలని.”

నాకు అలాంటి మీట ఉందని కూడా తెలియదు. రెండేళ్లుగా ఉందట. ఆ రెండేళ్లలో నేను వేలు అద్దిన వ్యాసాలు మూడు వేల పైచిలుకు.

“ఎందుకు చేశావు కౌశిక్?”

అప్పుడు కూర్చున్నాడు. నీలిబిళ్లలు చేసే కర్మాగారంలోకి ఆషాఢం మొదట్లోనే నీళ్లు వచ్చాయి. ఆ సంగతి లంకలన్నిటినీ పాలించే సమాఖ్య మండలిలో పదిమందికే తెలుసు. ఉన్న నిల్వ ఏడు రోజుల లెక్కన చాలదు. మూడు రోజుల లెక్కన అయితే ఏడాది చివరి దాకా నెట్టుకురావచ్చు. మండలి అధ్యక్షులు గన్ని పట్టాభిరామారావుగారు పిలిచి, శాస్త్రీయంగా ఏదైనా చూడండి డాక్టరుగారూ అన్నారట. ఆయనే మా పత్రికకు కూడా అధ్యక్షులు. రెండు కుర్చీలూ పక్కపక్కనే వేయించుకున్నారు, లేచి తిరగక్కర్లేకుండా.

“అందరికీ కొంచెమైనా అందుతుంది కదా అనుకున్నాను మేడమ్. కొందరికి పూర్తిగా, కొందరికి అసలే లేకుండా పోవడం కంటే... వార్డులో కుర్రాళ్లకి నిజంగానే తగ్గింది. నాకూ నమ్మకం కలిగింది.”

“నమ్మకం కలిగితే పంతొమ్మిది అని రాయొచ్చుగా.”

“పంతొమ్మిది అని రాస్తే మీరు ఒప్పుకునేవారా?”

“నేను చదివేదాన్నే కాదు,” అన్నాను. “నువ్వు పంతొమ్మిది రాసినా, పంతొమ్మిది లక్షలు రాసినా వేలు అద్దేదాన్ని. అనవసరంగా కష్టపడ్డావు.”

అతను ఏడ్చాడు. ఓదార్చాలనిపించింది, ఓదార్చలేదు. ఆ సమయంలోనే సూరపరాజుగారు తలుపు తోసుకుని వచ్చారు. పీతలంక నుంచి కబురు. ఉదయం పది గంటలకు కొప్పాడి భూలోకమ్మ చనిపోయింది.

ఆమె పేరు కౌశిక్‌కు తెలియదు. ఎవరని అడిగాడు. చెప్పాను.

నమోదు 6. మంగళవారం

అధ్యక్షులుగారి గది. నేనేం చెబుతానో ఆయనకు ముందే తెలుసు, రెండు టీలు తెప్పించి పెట్టారు. పట్టాభిరామారావుగారు చెడ్డమనిషి అయితే నా పని తేలికయ్యేది. ఆయన నిజంగానే నిద్రపోవడం లేదు, మొహం చూస్తే తెలుస్తుంది.

“వ్యాసం వెనక్కి తీసుకోవడమెందుకండీ సుభాషిణిగారూ. సవరణ వేద్దాం. లేదంటే వివరణ. మీకు మరీ మనసు ఒప్పకపోతే ‘ఆందోళన’ అని ఒక ప్రకటన ఉంటుంది చూడండి, అది. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

రచనాయంత్రం చేత నమూనా కూడా రాయించి ఉంచారు. చదివాను. ‘సదరు వ్యాసంలో కొన్ని సంఖ్యలు ఉత్సాహపూరితంగా వ్యక్తీకరించబడినట్లు పత్రిక గుర్తించినందుకు హర్షిస్తోంది.’

“ఒక మనిషి పోయిందండి,” అన్నాను.

“తెలుసండి. మీరు ఇప్పుడు ఏడు రోజులని వేస్తే ఏమవుతుందో అదీ తెలుసు. పెట్టెలన్నీ గురువారం నుంచి ఏడేసి రోజులు ఇస్తాయి. ఇరవై రెండు రోజుల్లో నిల్వ అయిపోతుంది. ఇరవై మూడో రోజున జ్వరం వచ్చినవాడికి మీ పత్రిక ఏం పెడుతుందండీ? కామాలా?”

టీ తాగాను. ఆ ప్రశ్న రాత్రీ పగలూ ఆయన్ని తింటోంది, ఇప్పుడు నన్నూ తినడం మొదలుపెట్టింది. కానీ గ్లాసు కింద పెట్టేసరికి ఒకటి అర్థమైంది.

“రావుగారూ, మందు పంచడం మీ పని. ఎంతిస్తారో, ఎవరికిస్తారో మీరు తేల్చండి, జనంతో కలిసి తేల్చండి. మందు లేదని చెప్పండి, వాళ్లు తిట్టుకుంటారు, ఏదో దారి చూసుకుంటారు. లేనిదాన్ని లేదనకుండా, నయమైందని చెప్పించారు మీరు. నా పత్రిక చేత. నా చేత. మందు లేదన్న మాట వింటే లోవరాజు భార్యను పడవెక్కించి ఎగువకు తీసుకెళ్లేవాడు. నయమైందంటే ఇంట్లో పడుకోబెట్టాడు.”

ఎగువ అంటే కొండల వైపున్న ఊళ్లు, వేరే పాలన. వాళ్లకు సొంత కర్మాగారం ఉంది.

“ఎగువవాళ్లని అడిగారా మీరు?” అన్నాను.

ఆయన కొంచెం సర్దుకున్నారు. “అడిగితే మన దగ్గర లేదని తెలిసిపోదా అండీ? సమాఖ్య పరువేం కావాలి?”

నేను లేచాను. వెనక్కి తీసుకునే అధికారం సంపాదకులది, దానికి అధ్యక్షుల ఒప్పుదల అక్కర్లేదని ఇరవై రెండో పేజీలో ఉంది. ఆయనకూ తెలుసు. అందుకే గుమ్మం దాకా వచ్చి మెల్లగా అన్నారు:

“ఆ వ్యాసానికి వేలు అద్దింది మీరేనన్న సంగతి కూడా బయటికొస్తుందండి.”

“రాకపోతే ఎలాగండి,” అన్నాను. “నేనే రాస్తున్నాను కదా.”

ధైర్యంగా అన్నాను గానీ, మెట్లు దిగేటప్పుడు మధ్యలో కూర్చుండిపోయాను.

నమోదు 7. బుధవారం

ప్రకటన చేత్తో రాశాను. యంత్రానికి ఇస్తే హర్షిస్తుంది. పత్రికలో ప్రకటన గానీ సవరణ గానీ పడితే పెట్టెలు దాన్ని ఇంటింటా పైకి చదవాలని నియమం. సూరపరాజుగారు ఒక్కొక్క అక్షరం కొట్టి ఎక్కించారు.

“ఉప్పుజ్వరానికి మూడు రోజుల మందు చాలని శ్రావణంలో ఈ పత్రిక వేసిన వ్యాసం అబద్ధం. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. అందులో చెప్పిన నాలుగు వందల పన్నెండు మందిలో నిజంగా ఉన్నది పంతొమ్మిది మంది. వాళ్లనూ ఐదో రోజు తర్వాత ఎవరూ చూడలేదు. ఉప్పుజ్వరానికి ఏడు రోజుల మందు కావాలి. మూడు రోజులకే ఆపితే పదో రోజున తిరగబెడుతోంది. పీతలంకలో ఒకరు చనిపోయారు. నీలిబిళ్లల కర్మాగారం పనిచేయడం లేదు. ఉన్న నిల్వ ఇరవై రెండు రోజులకే సరిపోతుంది. ఈ తప్పు పట్టుకున్నది పీతలంక నర్సు కుడిపూడి చంద్రమతి. వ్యాసాన్ని సంపాదకురాలు చదవకుండా ఆమోదించింది. చదవడమే ఆమె పని. ఇందుకూరి సుభాషిణి, సంపాదకురాలు.”

“కామా ఒకటి తగ్గిందండి,” అన్నారు సూరపరాజుగారు.

“ఎక్కడ?”

ఆయన మళ్లీ మొదటి నుంచి చదివారు. పెదవులు కదుపుతూ, వేలు పెట్టి, అంకెల దగ్గర ఆగి ఆగి చదివారు. చివరికి కళ్లజోడు తీశారు.

“అక్కర్లేదు లెండి. ఇలాగే ఉండనీండి.”

నమోదు 8. గురువారం (రాసింది శుక్రవారం)

ఏడూ ఐదు. నా ఇంటి పెట్టె అదే తియ్యటి గొంతుతో, అదే పండగ స్వరంతో, నేను చదవకుండా ఆమోదించానని నాకు చదివి వినిపించింది. పక్కింటి పెట్టె కూడా. ఎదురింటి పెట్టె కూడా. వీధి మొత్తం ఒక్కసారే. చదవడమే ఆమె పని, చదవడమే ఆమె పని అని ఒకదాని వెనక ఒకటి. పాలు పోయడానికి వచ్చినావిడ నా గుమ్మంలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“మీరేనాండీ?” అంది.

“నేనే.”

పాలు పోసింది. వెళ్లిపోయింది.

తొమ్మిదింటికల్లా పెద్దమేడ ముందు జనం. నా కిటికీ మీదికి విసిరిన మొదటి రాయి గురి కొంచెం తప్పింది, సెలవుల యంత్రానికి తగిలింది. మధ్యాహ్నానికి జనం మండలి వైపు తిరిగారు. శుక్రవారం తెల్లారి మందు అడగడానికి మండలి పడవలు పదకొండు ఎగువకు బయల్దేరాయి. పరువును రేవులోనే దించేసి వెళ్లినట్టున్నారు, పడవలు తేలిగ్గానే కదిలాయి.

నమోదు 9. ఆశ్వయుజం, రెండో మంగళవారం

ఎగువవాళ్లు నీలిబిళ్లలు ఇచ్చారు. అడగ్గానే ఇచ్చారు, ఇంతకు ముందే ఎందుకు అడగలేదని మాత్రం అడిగారట. నిల్వ అయిపోవడానికి నాలుగు రోజుల ముందు పడవలు తిరిగొచ్చాయి. అయితే మూడు రోజుల మందు నడిచిన కాలంలో, లంకలన్నీ కలిపి, తిరగబెట్టిన జ్వరంతో పోయినవాళ్లు పదకొండు మంది అని తేలింది. వాళ్లను ఒక్కొక్కరిగా లెక్కపెట్టింది కౌశికే. ఉద్యోగం వదిలేసి పడవలో లంక లంకా తిరుగుతున్నాడు. ఈసారి యంత్రం లేదు, పుస్తకం పెన్సిలు. పంపిన కాగితాలన్నీ చదివాను. ప్రతి లంకలో ఎంతమంది ఉంటారో మొదటి వరుసలోనే రాశాడు.

పట్టాభిరామారావుగారు రెండు కుర్చీల్లో ఒకటి వదులుకున్నారు. పత్రికది ఉంచుకున్నారు. ఆయన సంతకంతో నాకు ఉత్తరం వచ్చింది. నా నిజాయితీని పత్రిక ఎంతో గౌరవిస్తోందట, సంపుటి ముగియగానే నేను దిగిపోవాలట. ఇంకా ఒక్క సంచిక మిగిలి ఉంది. శాలువా సిద్ధంగా ఉందని కింద చిన్న అక్షరాల్లో రాశారు.

నమోదు 10. శనివారం

ఈ వారం మళ్లీ పీతలంక వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు.

లోవరాజు ఇంటి ముందు కూర్చుని వెదురు బద్దలు చీలుస్తున్నాడు. చంద్రమతి కూడా వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. వ్యాసానికి వేలు అద్దింది నేనేనని, చదవలేదని, ఆరోజు మీ ఆవిడ అడిగితే పత్రికవాళ్లని చెప్పి తప్పించుకున్నానని.

అతను బద్ద చీల్చడం పూర్తిచేసి పక్కన పెట్టాడు.

“తెలుసండి. పెట్టె చదివింది గదండీ మీ పేరు.” ఇంకో బద్ద తీసుకుంటూ అడిగాడు. “ఆరోజు ఎందుకు చెప్పలేదండి ఆవిడికి?”

“భయమేసింది.”

“ఆవిడ మిమ్మల్ని ఏం చేస్తదండీ? లేచి నిలబడలేని మనిషి.”

చంద్రమతి తల దించుకుని వెదురు పీచు ఏరుతోంది.

“మీరు వేసినదాంట్లో ఇంకో తప్పుందండి,” అన్నాడు లోవరాజు. “‘పీతలంకలో ఒకరు చనిపోయారు’ అని చదివిందండి పెట్టె. ఒకరేంటండి? ఇక్కడ ఒకరు అనే మనిషి లేరు. నలభై ఒక్కరం ఉండేవాళ్లం, నలభై ఒక్క పేర్లుండేయి.”

“రోగుల పేర్లు వేయకూడదని నియమం. వాళ్ల సంగతి పదిమందికీ తెలియకుండా ఉండాలని.”

“అది ఎవరి మంచికండి?”

“రోగి మంచికే.”

“ఆవిడికి ఇంక మంచేంటండి, చెడేంటండి. ఆవిడ సంగతి పదిమందికీ తెలియాలండి. అన్ని లంకలకీ తెలియాలి.”

దగ్గరివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పేరు వేయవచ్చని నియమావళిలో ఉంది. మంచి నియమమే. అందులో మంచి నియమాలు చాలా ఉన్నాయి. ఒప్పుదల పత్రం ఒకటి నా సంచీలో ఉంది, తీసి ఇచ్చాను. ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించాను.

లోవరాజు పెన్ను తీసుకోలేదు. పత్రాన్ని చంద్రమతికి ఇచ్చి చదవమన్నాడు. ఆవిడ చదివింది. కింది చిన్న అక్షరాలు కూడా చదవమన్నాడు. అవీ చదివింది. మళ్లీ మొదట్నుంచి ఒకసారి అన్నాడు. పోటు వచ్చి మా కింద స్తంభాల మధ్య నీళ్లు చేరుతున్నాయి, పడవవాడు రేవులోంచి కేకేస్తున్నాడు, అయినా ఎవరూ తొందరపడలేదు. మొత్తం రెండుసార్లు విన్నాక, ఆమె వయసు ఎంత వేస్తారు, ఏం పని చేసేదని వేస్తారు అని నన్ను అడిగి, నేను రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో చూసి, అప్పుడు సంతకం చేశాడు.

గురువారం వెలువడే చివరి సంచికలో, మొదటి పేజీలో, అన్నిటికంటే పైన వేయడానికి ఇచ్చినది ఇదీ:

‘సవరణ. భాద్రపదంలో వేసిన ప్రకటనలో “పీతలంకలో ఒకరు” అని ఉన్నచోట “కొప్పాడి భూలోకమ్మ, యాభై రెండేళ్లు, పీతబుట్టలు అల్లేది” అని చదువుకోవాలి.’